అనార్కీ అంటే అల్లరేనా? అసలు ఆ మాట ఎక్కడిది?

మీరు రెండు సంగతులు అడిగారు. అనార్కీ అంటే గందరగోళమేనా, ఆ మాట ఎక్కడి నుంచి వచ్చింది అన్నది మొదటిది. రెండోది నాకు ఇంకా నచ్చింది: అనార్కీ అంటే పాలించేవాడు లేకపోవడం, దాన్నే తెలుగులో అరాచకం అంటున్నాం, మరి పేపర్లలో రోజూ కనిపించే "అరాచక పాలన" ఎలా కుదురుతుంది? పాలన లేని పాలన ఏమిటి? పాతికేళ్లుగా రాజనీతి పుస్తకాలు తెలుగు చేస్తున్నాను కాబట్టి ఈ మాటతో చాలాసార్లు కుస్తీ పట్టాను. జవాబు కాస్త పొడుగ్గానే ఉంటుంది, ఓపిక పట్టండి.

ముందు మాటను విడగొడదాం. గ్రీకులో ఇది 'అనార్ఖియా'. 'అన్' అంటే లేని. 'అర్ఖోస్' అంటే ముందుండి నడిపేవాడు. దీనికి తోబుట్టువు 'అర్ఖే' అనే మాట. దానికి రెండర్థాలు: మొదలు, అధికారం. ముందున్నవాడే నడిపిస్తాడు కాబట్టి రెండూ ఒకే మాటలో ఇమిడిపోయాయి. మనకు ముఖం నుంచి ముఖ్యుడు వచ్చినట్టే అనుకోండి. ఒక్కడే ఏలితే మోనార్కీ, కొద్దిమంది ఏలితే ఆలిగార్కీ. కట్టేవాళ్లలో ముఖ్యుడు ఆర్కిటెక్ట్. అధికారి కచేరీలో దాచిన కాగితాలు ఆర్కైవ్స్. మొదటి కాలాల గురించి చెప్పే చదువు ఆర్కియాలజీ. అంతా ఒకే కుటుంబం.

ఆ 'అన్' కూడా మనకు పరాయిది కాదు. సంస్కృతంలో అచ్చు ముందు 'అన్', హల్లు ముందు 'అ' వస్తాయి: అనంతం, అధర్మం. గ్రీకులోనూ సరిగ్గా అదే సూత్రం. రెండు భాషలకూ మూలం ఒకటే కాబట్టి ఇది కాకతాళీయం కాదు. తర్వాతి రోజుల్లో గ్రీకు క్రైస్తవ పండితులు దేవుణ్ణి 'అనార్ఖోస్' అన్నారు. అంటే అనార్కిస్టు అని కాదు, మొదలు లేనివాడని. మన 'అనాది'కి అది అచ్చంగా జోడీ. ఒకే మాట ఒకచోట దేవుడి గుణం, ఇంకోచోట పోలీసు కేసు!

మరి తొలి గ్రీకులు దీన్ని ఏ అర్థంలో వాడారు? చాలా మామూలు అర్థంలో: నాయకుడి స్థానం ఖాళీగా ఉంది, అంతే. హోమర్ ఇలియడ్‌లో ప్రోటెసిలావోస్ అనే నాయకుడు ట్రాయ్ నేల మీద దిగుతూనే చనిపోతాడు. అతని మనుషులు తమ నాయకుణ్ణి తలుచుకుని బాధపడినా నాయకుడు లేనివాళ్లుగా మాత్రం మిగిలిపోలేదని కవి చెబుతాడు. అక్కడి మాట 'అనార్ఖోయ్'. క్రీ.పూ. 479లో ప్లాటియా దగ్గర పారశీక అశ్వదళాధిపతి మసిస్టియస్ చనిపోయాక ఆజ్ఞ ఇచ్చేవాడు లేక రౌతులు వెనక్కి మళ్లారని హెరోడోటస్ రాశాడు. అక్కడా ఇదే మాట. ఇందులో తిట్టు లేదు, బెదురు లేదు. కుర్చీ ఖాళీ, అంతవరకే.

ఇంకో సంగతి. చట్టం లేకపోవడానికి గ్రీకుల దగ్గర 'అనోమియా' అనే వేరే మాట ఉంది. క్రమం తప్పడానికి 'అటాక్సియా' ఉంది. అంటే గందరగోళం అని చెప్పాలనుకుంటే వాళ్లకు మాటల కరువేమీ లేదు. అనార్ఖియా చేసే పని వేరు.

ఇప్పుడు మీ రెండో ప్రశ్నకు పనికొచ్చే కథ. ఏథెన్స్‌లో సంవత్సరాలకు అంకెలు ఉండేవి కావు. ఆ ఏడాది ఎవరు 'అర్ఖోన్' అనే ముఖ్య అధికారి పదవిలో ఉంటే ఆయన పేరే ఏడాదికి పేరు. ఫలానా ఆయన అర్ఖోన్‌గా ఉండగా పుట్టాను, ఫలానా ఆయన ఉండగా పొలం కొన్నాను అని లెక్క చెప్పుకునేవాళ్లు. చట్టాలు రాసిన సోలోన్ సంస్కరణలు చేసి వెళ్లాక కొన్నేళ్లకు వర్గాల మధ్య గొడవలు ముదిరి అర్ఖోన్‌ను ఎన్నుకోలేకపోయారు. ఆ ఏడాది పట్టికలో పేరు ఉండాల్సిన చోట 'అనార్ఖియా' అని పడింది. ఖాళీ గడిలో "లేదు" అని రాసినట్టు.

క్రీ.పూ. 404లో ఏథెన్స్ యుద్ధంలో ఓడిపోయింది. గెలిచిన స్పార్టా అండతో ముప్పై మంది అధికారం చేజిక్కించుకున్నారు. చరిత్రలో వాళ్ల పేరు 'ముప్పై మంది నియంతలు'. కొన్ని నెలల్లోనే 1,500 మందికి తక్కువ కాకుండా చంపారని అరిస్టాటిల్ పేరుతో మనకు దొరికిన ఏథెన్స్ రాజ్యాంగ గ్రంథం చెబుతుంది. ఆ ఏడాది అర్ఖోన్ పేరు పైథోడోరస్. మళ్లీ ప్రజాస్వామ్యం వచ్చాక జనం ఆయన్ని లెక్కలోకి తీసుకోలేదు. దొంగ పాలనలో వేసిన అర్ఖోన్ అసలు అర్ఖోనే కాదన్నారు. ఆ ఏడాదికి పేరు 'అనార్ఖియా'.

ఒక్క నిమిషం ఆగి చూడండి. నగరం మొత్తం మీద అధికారం ఊపిరాడనంతగా బిగుసుకున్న ఏడాది అది. దానికే ఏథెన్స్ జనం పెట్టిన పేరు పాలకుడు లేని ఏడాది. మీరు అడిగిన "అరాచక పాలన" కాకపోతే మరేమిటిది? న్యాయంగా కూర్చోనివాడు కుర్చీలో ఉన్నా కుర్చీ ఖాళీ కిందే లెక్క. ఈ వైరుధ్యం మన పేపర్లు కనిపెట్టింది కాదు, దాని వయసు రెండు వేల నాలుగు వందల ఏళ్లు.

మాట తిట్టుగా మారడం కూడా ఏథెన్స్‌లోనే మొదలైంది. సోఫోక్లీస్ 'యాంటిగొనీ' నాటకంలో రాజు క్రియాన్ అనార్ఖియాను మించిన కీడు లేదంటాడు. అతను మాట్లాడుతున్నది ఊరి అల్లర్ల గురించి కాదు, తన ఆజ్ఞను కాదని అన్న శవానికి అంత్యక్రియలు చేసిన ఒక అమ్మాయి గురించి. అంటే ఇక్కడ ఆ మాటకు "నా మాట వినకపోవడం" అని అర్థం. ప్లేటో ఇంకో అడుగు వేశాడు. ప్రజాస్వామ్యం ముదిరితే అనార్ఖియా ఇళ్లలోకి, చివరికి పశువుల్లోకి కూడా పాకుతుందట. గుర్రాలు, గాడిదలు స్వతంత్రంగా, దర్జాగా నడుస్తూ ఎదురొచ్చిన మనిషి పక్కకు తప్పుకోకపోతే గుద్దేస్తాయట. వెక్కిరింపే అయినా, ప్లేటో రాతల్లో ఇంత హాయిగా చదువుకునే చోట్లు తక్కువ.

అక్కడి నుంచి లాటిన్, ఫ్రెంచి మీదుగా 16వ శతాబ్దానికి మాట ఇంగ్లీషులోకి చేరింది. స్టీఫెన్, మటిల్డా సింహాసనం కోసం కొట్టుకున్న 1135–1153 కాలాన్ని ఇంగ్లండు చరిత్రలో 'ది అనార్కీ' అంటారు. ఆ పేరు చాలా తర్వాతి చరిత్రకారులు పెట్టింది. అప్పుడు కూడా రాజు లేకపోలేదు, ఒకరికి ఇద్దరు హక్కుదారులు ఉన్నారు.

ఈ మాట గుట్టు రట్టు చేసినవాడు ఇంగ్లండు తత్వవేత్త హాబ్స్. 1651లో వచ్చిన 'లెవయాతన్'లో ఆయన చెప్పిందాని సారం ఇది: రాచరికం గిట్టనివాళ్లు దాన్ని నిరంకుశత్వం అంటారు, ప్రజాస్వామ్యం గిట్టనివాళ్లు దాన్ని అనార్కీ అంటారు. కొత్త రకం ప్రభుత్వాలేమీ కావవి, కోపం వచ్చినప్పుడు పెట్టే పేర్లు. బలమైన ప్రభుత్వం ఉండి తీరాలని వాదించిన మనిషే ఈ మాట అన్నాడు, అదీ విశేషం. ఫ్రెంచి విప్లవంలో ఇదే జరిగింది. 1793లో బ్రిస్సో లాంటి జిరోండిన్లు, అంటే విప్లవంలోని మితవాద వర్గం వాళ్లు, తమకన్నా ముందుకు పోయేవాళ్లందరినీ అనార్కిస్టులని తిట్టారు. అదే ఏడాది విలియం గాడ్విన్ ప్రభుత్వమే అక్కర్లేదని పెద్ద గ్రంథం రాశాడు, కానీ తనను తాను ఆ పేరుతో పిలుచుకోలేదు. అది అప్పటికి ఎదుటివాడి మీద విసిరే రాయి. తన మెడలో వేసుకునే దండ కాదు.

దండగా వేసుకున్నవాడు ఫ్రెంచి రచయిత ప్రూధోన్. బెజాన్సన్‌లో ప్రెస్సులో అక్షరాలు కూర్చి, ప్రూఫులు దిద్ది బతికిన మనిషి. ఆ పనిలోనే పాత భాషలు నేర్చుకున్నాడు. 1840లో ఆస్తి అంటే ఏమిటో ప్రశ్నిస్తూ రాసిన పుస్తకంలో ఒక చిన్న సంభాషణ పెట్టాడు. నువ్వు ప్రజాస్వామ్యవాదివా అని అడిగితే కాదంటాడు. రాజు కావాలా అంటే కాదు. మిశ్రమ ప్రభుత్వమా? అసలే కాదు. మరి నువ్వెవరు? నేను అనార్కిస్టుని. అడిగేవాడు ఇదేదో వేళాకోళం అనుకుంటాడు. కాదు, క్రమమంటే నాకు చాలా ఇష్టం, అయినా పూర్తి అర్థంలో అనార్కిస్టునే అని జవాబు.

అక్షరాలతో పని చేసినవాడు మాటను దాని ధాతువు దాకా తీసుకుపోవడం నాకు ఆశ్చర్యం అనిపించదు. అందరూ గందరగోళం అనుకుంటున్న మాటను ఆయన చీల్చి చూపించాడు: అన్, అర్ఖీ. యజమాని లేడు, అంతే. క్రమం లేదని ఎవరన్నారు? సమాజం అనార్కీలోనే క్రమాన్ని వెతుక్కుంటుందని ఆయన వాదన. పదేళ్లకు, 1850లో, బెల్గారిగ్ అనే ఆయన ఒక పత్రికే పెట్టాడు. పేరు అనార్కీ, కింద ఉపశీర్షిక 'క్రమం కోసం పత్రిక'. రెండు సంచికలతో ఆగిపోయిందనుకోండి, అది వేరే సంగతి.

ఆ రోజుల్లో కొందరు మాట మధ్యలో ఒక అడ్డగీత పెట్టి 'అన్-అర్ఖీ' అని రాసేవారు, ఇది గందరగోళం కాదు సుమా అని చెప్పడానికి. దీని గురించి రష్యన్ అనార్కిస్టు రచయిత క్రొపాట్కిన్ 1881లో సరదాగా రాశాడు: కొంతకాలం ఆ గీతతో తంటాలు పడ్డాం, తర్వాత మాటను ఉన్నదున్నట్టే తీసుకున్నాం, ప్రూఫులు చూసేవాళ్లకు ఆ అదనపు చాకిరీ, పాఠకులకు గ్రీకు పాఠం రెండూ తప్పాయి అని. ఇది చదివినప్పుడల్లా నా అనుభవం గుర్తొస్తుంది. బార్సిలోనాలో ఫ్రాన్సిస్కో ఫెర్రర్ 1901లో పెట్టిన బడి గురించి అనువాదం చేస్తూ "అరాచకవాదులు పిల్లల కోసం బడి పెట్టారు" అని రాశాను. ప్రూఫులు చూసినాయన ఆ మాట చుట్టూ ఎర్ర సున్నా చుట్టి, పక్కన ప్రశ్నార్థకం పెట్టి, అది చాలదన్నట్టు 'అభ్యుదయవాదులు' అని మార్చేశాడు. ఫోన్ చేసి అడిగితే, "అరాచకవాదులు బడి పెట్టడమేంటి సార్, బడి తగలబెట్టారంటే అర్థముంది" అన్నాడు. ఆయన తప్పు కాదు. తప్పంతా తెలుగులో ఆ మాట చేసుకున్న అలవాటుది.

అల్లరి అర్థం ఇంతగా అంటుకోవడానికి చరిత్రలో కారణం లేకపోలేదు. 1886 మే 4న షికాగో హేమార్కెట్‌లో బాంబు పేలింది. విసిరింది ఎవరో నేటికీ తేలలేదు, అయినా మరుసటి ఏడాది నలుగురు అనార్కిస్టులను ఉరి తీశారు. అది అన్యాయమే. కానీ 1894లో ఫ్రాన్స్ అధ్యక్షుడు కార్నో, 1900లో ఇటలీ రాజు ఉంబెర్తో, 1901లో అమెరికా అధ్యక్షుడు మెకిన్లీ, ఈ ముగ్గురినీ చంపింది తాము అనార్కిస్టులమని చెప్పుకున్నవాళ్లే. 1903లో అమెరికా అనార్కిస్టులను దేశంలోకి రానివ్వకూడదని చట్టమే చేసింది. దాంతో కార్టూన్లలో అనార్కిస్టు అంటే గడ్డం, నల్ల కోటు, చేతిలో వత్తి ఉన్న గుండ్రటి బాంబు. మరోవైపు క్రొపాట్కిన్ లాంటివాళ్లు చూపించే ఉదాహరణలు పరమ సాదా: యూరప్ రైళ్లు. పైన ఒక్క మంత్రీ లేకుండానే ఎన్నో కంపెనీలు మాట్లాడుకుని పట్టాలు కలుపుకున్నాయి, ఒక్క టికెట్‌తో దేశాలు దాటవచ్చు. ఆయన దృష్టిలో అనార్కీ అంటే అది. నియమాలు ఉండవని కాదు, నియమాలను పైనుంచి రుద్దేవాడు ఉండడని. ఈ వాదంతో నేను పూర్తిగా ఏకీభవించను. రైలు కంపెనీల ఒప్పందం ఎంత చక్కగా ఉన్నా, దాన్ని మీరినవాణ్ణి లాగడానికి వెనకాల కోర్టు ఉంది కదా. కానీ వాళ్లు ఏమంటున్నారో తెలుసుకోకుండా తిట్టడం సరికాదు.

ఇక మన మాట దగ్గరికి వద్దాం. సంస్కృతంలో 'అరాజకం' అనార్ఖియాకు అచ్చు కవలలా ఉంటుంది, అదీ ఎవరూ అనువదించకుండానే. రామాయణం అయోధ్యకాండలో దశరథుడు చనిపోయాడు, రాముడు అడవిలో ఉన్నాడు, భరతుడు మేనమామ ఇంట ఉన్నాడు. కుర్చీ నిజంగానే ఖాళీ. అప్పుడు మునులు వసిష్ఠుడి దగ్గర "నారాజకే జనపదే" అని పదేపదే ఎత్తుకుంటూ వరుసగా శ్లోకాలు చెబుతారు. రాజు లేని దేశంలో మేఘం వర్షించదు, పిడికెడు విత్తనం కూడా ఎవరూ చల్లరు, కొడుకు తండ్రి మాట వినడు, ఉన్నవాళ్లు తలుపులు తీసుకుని పడుకోలేరు, చేపలు చేపల్ని తిన్నట్టు మనుషులు ఒకరినొకరు తింటారు. దీన్నే మత్స్యన్యాయం అంటారు. కౌటిల్యుడూ ఈ మాటే పట్టుకున్నాడు. క్రియాన్ వింటే తలూపేవాడు.

కానీ మహాభారతం శాంతిపర్వంలో భీష్ముడు ఇంకో బొమ్మ కూడా చూపిస్తాడు. మొదట్లో రాజ్యమూ లేదు, రాజూ లేడు, దండనా లేదు, దండించేవాడూ లేడు. ప్రజలు ధర్మంతోనే ఒకరినొకరు కాపాడుకునేవారు. ప్రూధోన్‌కు చూపిస్తే పుస్తకం మొదటి పేజీలో వేసుకునేవాడేమో! తర్వాత మోహం, లోభం వచ్చి అది చెడిపోయిందని భీష్ముడు చెప్పిన మాట నిజమే. అయినా రాజు లేనితనానికి మంచి ముఖం కూడా ఉండొచ్చన్న ఊహ మనకు పరాయిది కాదు.

ఇరవయ్యో శతాబ్దంలో ఈ మాట మన రాజకీయాల్లోకీ దిగింది, ఇంగ్లీషు వాళ్ల చట్టంలోకీ ఎక్కింది. మనం రౌలట్ చట్టం అంటామే, 1919లో దాని అసలు పేరులోనే "అనార్కికల్, విప్లవ నేరాలు" అని ఉంది. స్వాతంత్ర్యం కోసం బాంబు పట్టినవాడు, పక్కా జాతీయవాది అయినా సరే, ప్రభుత్వం దృష్టిలో అనార్కిస్టు. అంతకు మూడేళ్ల ముందే 1916 ఫిబ్రవరిలో కాశీ హిందూ విశ్వవిద్యాలయ సభలో గాంధీ, నేనూ అనార్కిస్టునే, కాకపోతే వేరే రకం అన్నారు. వేదిక మీది పెద్దలకు టెన్షన్ పట్టుకుంది, అనీ బెసెంట్ మధ్యలో అడ్డుపడ్డారు, సభ చెదిరిపోయింది. 1949 నవంబరు 25న రాజ్యాంగ సభలో అంబేడ్కర్ దీనికి ఎదురు మాట చెప్పారు: రాజ్యాంగ మార్గాలు తెరుచుకున్నాక కూడా సహాయ నిరాకరణ, సత్యాగ్రహం లాంటివి పట్టుకు వేళ్లాడడం అనార్కీకి వ్యాకరణం అని. ఒకాయన బిరుదులా తీసుకున్న మాట ఇంకొకాయనకు హెచ్చరిక.

తెలుగులో మాత్రం మాట ఇంకో దారి పట్టింది. రాజు మన నోట్లో రాచ అవుతాడు: రాచరికం, రాచబాట. అలా అరాజకం పక్కనే అరాచకం నిలబడింది, చివరికి అదే గెలిచింది. అందులో రాజు కనబడకుండా పోయాడు. దానికి తోడు అసలు రాజులే పోయారు. అక్షరాల అర్థం చూసుకుంటే రాజు లేని ప్రతి గణతంత్రమూ అరాజకమే కదా! జపాన్ వాళ్లు అనార్కిజానికి 'ప్రభుత్వం లేని వాదం' అని మాట కట్టుకుని ఈ చిక్కు తప్పించుకున్నారు. మన మాటకు కింద పునాది పోయాక అది జారి 'దౌర్జన్యం' దగ్గర ఆగింది. రుజువు కావాలంటే బహువచనం చూడండి. "అరాచకాలు పెరిగిపోయాయి" అంటాం. పాలకుడు లేని స్థితిని ఒకటి, రెండు అని లెక్కపెట్టలేం. లెక్కపెడుతున్నామంటే అవి చేసిన పనులు, ఎవరో ఒకడు చేసినవి, చాలాసార్లు అధికారంలో ఉన్నవాడు చేసినవి. కాబట్టి "అరాచక పాలన" ఇవాళ్టి తెలుగులో తప్పేమీ కాదు, దౌర్జన్య పాలన అని అర్థం. ఈ మధ్య కుర్రాళ్లు నచ్చిన ఫైట్ సీన్‌ను కూడా "అరాచకం" అంటున్నారు. ఆ లెక్కన మాట తిట్టు నుంచి మెచ్చుకోలు దాకా వచ్చేసింది. ప్రూధోన్ పుస్తకమంతా రాసి సాధించింది వీళ్లు ఒక్క ముక్కలో కానిచ్చారు.

మీరు రాసేటప్పుడు ఏది వాడాలంటే, నా పద్ధతి చెబుతాను. సిద్ధాంతం గురించైతే అనార్కిజం, అనార్కిస్టు అని తెలుగు లిపిలో రాసేస్తాను. ఎర్ర సున్నా బాధ ఉండదు. పాత గ్రంథాల్లో రాజు లేని స్థితికి అరాజకం, 'జ' తోనే. అంతర్జాతీయ సంబంధాల పుస్తకాల్లో అనార్కీ అంటే దేశాలన్నిటి మీదా అధికారం చేసేవాడు లేకపోవడం, యుద్ధమూ కాదు అల్లరీ కాదు. అక్కడ "పై అధికారం లేని స్థితి" అని విడమరిచి రాయాల్సిందే. పేపరు వాళ్ల అరాచకాన్ని పేపరు వాళ్లకే వదిలేయండి.